తెల్ల పోగు దాటిన జానెడు బట్ట

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే రకం నేను. ఇప్పుడూ అంతే. మా నాయన హిందూపురంలో బడిపంతులు. చీకటికి భయపడితే చేయి పట్టుకుని ఆ చీకట్లోకే తీసుకెళ్లి, అక్కడున్నది నీళ్ల తొట్టో, బట్టల దండెమో తడిమి చూపించేవాడు. పెళ్లై ధర్మవరం వచ్చాక కూడా నా తీరు మారలేదు. వీధిలో ఎవరికో గాలి సోకిందంటే చూడ్డానికి వెళ్లి, నవ్వాపుకోలేక మా అత్త చేత తిట్లు తిన్నదాన్ని. కాబట్టి చదివేవాళ్లు నన్ను ఆ నమ్మేవాళ్లలో కలిపెయ్యొద్దు. తెలిసింది తెలిసినట్టు రాస్తాను. తెలియనిది తెలియదనే రాస్తాను.

మా ఆయన పేరు రామాంజినేయులు. బతికున్నన్నాళ్లూ నేను పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు రాయబోతే కూడా చెయ్యి కొంచెం ఆగింది. పట్టుచీరలు నేసేవాడు. ఇంట్లో మేం ముగ్గురమే: ఆయన, నేను, మా అత్త నారాయణమ్మ. ఆమెకు రెండు కళ్లకూ పొరలు కమ్మి, మనిషి ఎదురుగా నిలబడితే నీడలాగా మాత్రం కనపడేది. ముందు గదిలో గుంత మగ్గం, దాని పక్కనే మంచం, వెనకాల వంటిల్లు. ఇదంతా అరవైల్లో మాట.

నా పెళ్లి నాటికే ఆయన తలలో ఏదో చప్పుడు ఉండేది. అప్పుడప్పుడూ అనేవాడు, "తలకాయలో ఏందో మోగుతాంది సరోజా" అని. ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకోలేదంటే, మా వీధిలో అందరికీ మోగుతుంది. పొద్దున్నుంచి సందేళ దాకా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లకు, పడుకున్నాక కూడా ఆ దెబ్బ చెవుల్లో వినపడుతూనే ఉంటుంది. ఎదురింటి ఓబులేసన్న అయితే, "మగ్గం మోగకపోతే నాకు నిద్రే రాదు" అనేవాడు. వేరే ఊళ్లో, వేరే పని చేసే మనిషి తలలో చప్పుడని చెబితే ఆ ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవారు. మేం నేతగాళ్లం కాబట్టి నవ్వి ఊరుకున్నాం.

ఒక ఆదివారం ఆయన తలకు ఆముదం రాస్తూ, ఎందుకో వంగి చెవి వెనకాల నా చెవి ఆనించాను. జుయ్, జుయ్ మని వినిపించింది. గాలి సన్నటి సందులోంచి దూరినట్టు, ఆగి ఆగి. నాడి పట్టుకుని చూస్తే నాడితో పాటే కొట్టుకుంటోంది. అప్పుడైనా భయపడాలి కదా. నాకూ మగ్గం చప్పుడు అంటుకుందనుకున్నాను. చెబితే ఆయన పగలబడి నవ్వాడు.

ఆ తర్వాతి ఏడాది, నేస్తూ నేస్తూ ఉండగా కుడిచేతి వేళ్లు వాటంతట అవే ఎగరడం మొదలైంది. అడ్డపోగు తీసుకెళ్లే నాడె చేతిలోంచి జారి గుంతలో పడింది. నాడెలో పెట్టే దారం కండెలు చుడుతున్నదాన్ని నేను తలెత్తి చూసేసరికి ఆయన పడుగు దారాల మీదికి ఒరిగిపోయి, ఒళ్లంతా కొట్టుకుంటున్నాడు. వీధంతా పోగైంది. మూర్ఛ అన్నారు. చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు. మా అత్త పెనుకొండ దర్గాకు తీసుకెళ్దామంది. తీసుకెళ్లాం. నాకు నమ్మకం లేదు, అయినా తల మీద కొంగు కప్పుకుని అందరితో పాటు నేనూ వంగాను. మన మనిషి నేల మీద కొట్టుకుంటుంటే ఒకసారి చూసినవాళ్లకు ఈ గుడి, ఆ దర్గా అని ఉండదు.

ఫిట్సు ఆగలేదు. మా నాయన ఉత్తరం రాసి మమ్మల్ని హిందూపురం పిలిపించుకుని, తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరు అన్నీ అడిగి, చప్పుడు సంగతి వినగానే కుర్చీలోంచి లేచాడు. గుండె మీద పెట్టే గొట్టం తీసి తల మీద పెట్టాడు. చెవి వెనక, కణత మీద, మూసిన కంటిరెప్ప మీద. తర్వాత మెడకు ఎడమవైపు కొట్టుకునే చోట వేలితో మెల్లగా నొక్కాడు.

"నిలిచిపాయ!" అన్నాడు మా ఆయన.

ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ తల ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరు వేలు తీసేశాడు, మళ్లీ మొదలైంది. "ఇంగొకసారి నొక్కు సామీ" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. డాక్టరు నొక్కలేదు. ఊరికే నొక్కకూడదన్నాడు.

తలలో రక్తనాళాలు పుట్టుకతోనే చిక్కుపడి ఉంటాయి కొందరికి, ఇది కూడా అదేమోనని తన అనుమానం అన్నాడు. మామూలు ఎక్స్‌రేలో ఎముక తప్ప ఏమీ కనపడదు. మెడలోని నాళంలోకి మందు ఎక్కించి, ఆ మందు తలలో పారుతుండగా బొమ్మ తీస్తారు, అప్పుడే నాళాలు కనపడతాయి, బెంగళూరు పోవాల్సిందే అన్నాడు. అక్కడి పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

ధర్మవరం వచ్చి ప్రయాణానికి సర్దుకున్నాం. మగ్గం మీద అప్పుడు ఒక ముదురాకుపచ్చ చీర నడుస్తోంది, సగం కూడా కాలేదు. మా దగ్గర ఒక చీరకు ఒకటే చెయ్యి. ఒక్కో నేతగాడి దెబ్బ ఒక్కో తీరుగా పడుతుంది. మధ్యలో ఇంకొకరు కూర్చుంటే, ఎంత పనిమంతుడైనా సరే, చెయ్యి మారిన చోట బట్టకు అడ్డంగా సన్నటి గీత తేలుతుంది. వెలుతురుకు పెట్టి చూస్తే మాలాంటి వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే మనిషి ఊరికి పోతే ఆ మగ్గం అలాగే ఎదురుచూస్తుంది.

ఊరికి పోయేముందు, నేత ఆగిన చోట ఒక తెల్ల నూలు పోగు అడ్డంగా వేసి పోవడం మా మామగారి కాలం నుంచి వస్తున్న అలవాటు. వచ్చాక ఆ పోగు లాగేసి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడతారు. బయల్దేరే పొద్దున ఆయన తెల్ల పోగు వెయ్యడం నేను పక్కనే నిలబడి చూశాను. చుట్టి ఉంచిన కండెలు తట్టలో పెట్టి, మీద గుడ్డ కప్పింది నేనే. మగ్గం మీద పాత దుప్పటి కప్పింది కూడా నేనే. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నన్ను అందరూ అడిగిన ప్రశ్నలు ఇవే.

బెంగళూరులో డాక్టరు నెమ్మదస్తుడు. నాకు కన్నడం వచ్చు కాబట్టి అన్నీ నాతోనే చెప్పాడు. ఈ పరీక్ష ఊరికే బొమ్మ తీయడం లాంటిది కాదనీ, ఒక్కోసారి చెయ్యో కాలో పడిపోవచ్చుననీ, స్పృహ తప్పవచ్చుననీ ముందే చెప్పాడు. నేను మా ఆయనకు తెలుగులో చెప్పాను. ఆయన కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "చప్పుడు యాడుండాదో కనపడ్తాదంటే తీయమను" అన్నాడు.

పరీక్ష పెట్టిన రోజు అమావాస్య. కథల్లో అమావాస్య అంటే వేరే, మా వీధిలో అమావాస్య అంటే సెలవు. ఆ రోజు ఏ ఇంట్లోనూ మగ్గం తొక్కరు. ఊళ్లో అన్ని రోజులూ టకటకమని మోగే వీధి ఆ ఒక్కరోజు మూగదై ఉంటుంది. ఆసుపత్రివాళ్లకు అమావాస్య ఏముంది, పొద్దెక్కాక ఆయన్ని ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్లారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. వార్డులకు మధ్యాహ్నం అన్నం బండి వెళ్లింది, ఖాళీగా తిరిగొచ్చింది. లోపల్నుంచి ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఒక నర్సు పరుగున బయటికి వచ్చి ఇంకో డాక్టరును పిలుచుకుని పోయింది. నన్ను చూసీ చూడనట్టు వెళ్లిపోయింది. లోపల ఏదో జరిగిందని అప్పుడే నాకు అర్థమైంది.

మందు ఎక్కించాక ముఖం సగం మంటలో పెట్టినట్టుందని అరిచాడట. ఆ తర్వాత పలకలేదట. సాయంత్రం దాకా స్పృహ లేదు. తెలివి వచ్చాక మాట మెల్లగా తిరిగొచ్చింది. కుడిచెయ్యి రాలేదు. వేళ్లు కదిలేవి గానీ పట్టు లేదు, గ్లాసు ఇస్తే జారిపోయేది.

డాక్టరు నన్ను పిలిచి దీపం వెలిగే అద్దానికి ఆ బొమ్మలు ఆనించి చూపించాడు. మా ఆయన పుర్రె. అందులో తెల్లగా కొమ్మలు కొమ్మలుగా నాళాలు. ఎడమవైపు ఒకచోట ముద్ద, లావుపాటివీ సన్నవీ పెనవేసుకుని. రక్తం తెచ్చే నాళానికీ తీసుకెళ్లే నాళానికీ నడుమ వెంట్రుకల్లాంటి సన్న నాళాలు ఉండాలట. ఆ ముద్దలో అవి లేవు. తెచ్చేది తిన్నగా తీసుకెళ్లేదాంట్లోకే దూకుతోంది, ఆ దూకుడే చప్పుడు. మందు పెట్టగానే తీసిన మొదటి బొమ్మలోనే తీసుకెళ్లే నాళం కూడా తెల్లగా మెరిసిపోతోంది, అంత తొందరగా అది కనపడకూడదన్నాడు.

పట్టు చిక్కుపడితే మేం కొస వెతికి విడదీస్తాం, కాకపోతే కోసి అతుకుతాం. నాకు తెలిసింది అదే. కోసెయ్యకూడదా అని అడిగాను. ఆ ముద్ద మాటా, చెయ్యీ నడిపించే చోటే కూర్చుంది, కోస్తే మనిషి దక్కడు అన్నాడు. "నోడబహుదమ్మా, ముట్టోకె ఆగల్ల." చూడొచ్చమ్మా, ముట్టుకోవడానికి కుదరదు. అది ఎప్పుడైనా పగలొచ్చు, ఏళ్లు పగలకుండానూ ఉండొచ్చు. ఇంటికి తీసుకెళ్లమన్నాడు. అంత స్పష్టంగా కళ్ల ముందు పెట్టి చూపించి, చేసేదేమీ లేదంటే ఏడవాలో అరవాలో తెలియలేదు. ఆ దీపం అద్దం ఆర్పేసినా ఆ ముద్ద నాకు కనపడుతూనే ఉంది.

మీటర్‌గేజి బండిలో తిరిగొచ్చాం. హిందూపురం స్టేషన్‌లో మా నాయన అల్లుడికి అన్నం మూట అందించబోయి, ఆ చేతిని చూసి నా చేతికిచ్చాడు. పెనుకొండ కొండ దాటేదాకా మా ఆయన ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని దాని మీద ఎడమచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

ఇంటి ముందు జట్కా దిగామో లేదో, మా అత్త అరుగు మీదినుంచే అడిగింది.

"అమావాస్యనాడు వచ్చి, మళ్లా నాతో చెప్పకుండా యాడికి పోయినావు నాయనా?"

పెద్దదానికి మతి తప్పిందనుకున్నాను. ఎదురింటి ఓబులేసన్న వీధి దాటి వచ్చాడు. ఆయన నాకంటే అనుమానపు మనిషి, దేవుణ్ణి కూడా అడిగి గానీ నమ్మడు. ఆయన చెప్పింది ఇది. అమావాస్యనాడు, బడిపిల్లలు మధ్యాహ్నం అన్నాలు తిని వెళ్లిపోయాక, మా ఇంట్లో మగ్గం ఆడింది. వీధిలో ఇంకో మగ్గం లేదు కాబట్టి అందరికీ వినపడింది. అమావాస్యనాడు ఎవరప్పా నేసేది అని నలుగురు బయటికి వచ్చారు. మా అత్త అరుగు మీదే ఉంది. ఓబులేసన్న ఆమెను అడిగాడు.

"ఎప్పుడొచ్చె నీ కొడుకు?"

"నాకేం తెల్సబ్బా! ఇనపడ్తాండాది గదా, లోపలే ఉండాడు. దెబ్బ వానిదే."

దెబ్బ రామాంజిదే అని ఓబులేసన్నకు కూడా తెలిసింది. ఏళ్ల తరబడి ఎదురుగా విన్న చప్పుడు. తలుపు తోసి లోపలికి వెళ్లేసరికి ఆగిపోయింది. గదిలో ఎవరూ లేరు. దుప్పటి గుంత పక్కన కింద పడుంది. నాడె గుంత అంచున ఉంది. ఇంకేమీ ముట్టుకోకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చేశానన్నాడు.

నేను లోపలికి వెళ్లి చూశాను. తెల్ల పోగు వేసినచోటే ఉంది. దాన్ని దాటి జానెడు బట్ట కొత్తగా నేసి ఉంది. తట్టలో కండెలు ఖాళీ.

మొదట ఓబులేసన్న మీద అనుమానపడ్డాను, దాచడం ఎందుకు. జాలిపడి నేసి, బయటికి చెప్పలేక కథ అల్లాడేమో అనుకున్నాను. కిటికీ తెరిచి వెలుతురులో బట్టను చూశాను. గీత లేదు. తెల్ల పోగుకు అవతల ఎలా ఉందో ఇవతలా అలాగే ఉంది. ఓబులేసన్న నేసి ఉంటే గీత పడేది. ఎవరు నేసినా పడేది. ఆ తర్వాత వీధిలో పెద్ద నేతగాళ్లు వచ్చి చూశారు, భూతద్దం పెట్టి చూశారు. ఒక్కరికీ గీత దొరకలేదు.

మా ఆయన గుంత అంచున కూర్చుని ఎడమచేత్తో ఆ బట్టను తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"ఇది నాదే" అన్నాడు. "బెంగళూర్లో మొగం మండిండ్లా, అప్పుడు నేను ఈడే ఉంటి సరోజా. నేస్తాంటి. తలకాయలో చప్పుడు లేదు. శానా బాగుండె."

మత్తులో వచ్చిన కల అని చెప్పబోయాను, కల జానెడు బట్ట నేస్తుందా?

ఆ చీరను పూర్తి చెయ్యాలని ఆయనకు ఎంత ఆశో! రోజూ గుంతలోకి దించమనేవాడు. నాడె కుడిచేతిలో పెడితే జారిపోయేది. ఎడమచేత్తో తోస్తే పోగులు తెగేవి. నేను కూర్చుని అతికేదాన్ని, ఆయన మళ్లీ తెంచేవాడు. ఓబులేసన్న నేసిపెడతానన్నాడు. "గీత పడ్తాది అన్నా, వద్దు" అన్నాడు. చివరికి గుంతలోకి దించమని అడగడం మానేశాడు. మంచం మీద పడుకుని మగ్గం వైపు చూస్తుండేవాడు. రోజురోజుకీ తలనొప్పి ఎక్కువైంది.

నాకు మాత్రం ఒక పిచ్చి పట్టింది. దయ్యాల్లేవు అన్నదాన్ని నేనే, ఆయన మధ్యాహ్నం నిద్రపోతే చాలు, ముందు గదిలో చేరి మగ్గం ఎదురుగా కూర్చునేదాన్ని. ఆయన బెంగళూరులో స్పృహ లేకుండా పడి ఉన్నప్పుడు ఇక్కడ మగ్గం ఆడింది. ఆడింది, ఆయన తిరిగొచ్చాడు. ఈ రెండింటికీ నేనే ముడి వేసుకున్నాను. మగ్గం ఆడినంతసేపూ ఆయనకేం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. రోజూ కొత్త కండెలు చుట్టి తట్టలో నింపేదాన్ని. అది ఒక్కసారి కూడా ఆడలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక ఉదయం ఆయన తల పట్టుకుని "పగిలింది" అన్నాడు. అంతే, ఆ మాటే. వాంతి చేసుకుని మంచం మీద వాలిపోయాడు. ఓబులేసన్న తంతి ఇస్తే, హిందూపురం డాక్టరును మా నాయన కారు మాట్లాడుకుని తీసుకొచ్చాడు. రెప్పలు ఎత్తి చూసి, ఇప్పుడు రైలెక్కిస్తే దారిలోనే పోతాడు, ఇక్కడే ఉండనివ్వండి అన్నాడు. మంచి మనిషి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

మళ్లీ స్పృహ లేదు. బెంగళూరులో లాగే. మా అత్త మంచం పక్కన నేల మీద కూర్చుని కొడుకు గుండె మీద చెయ్యి వేసుకుంది. తీసింది లేదు. నేను ఇటువైపు కూర్చున్నాను. నా ముఖం మాత్రం మగ్గం వైపు. ఇప్పుడు ఆడాలి, ఇప్పుడు ఆడకపోతే ఇంకెప్పుడు అని దాన్నే చూస్తున్నాను. దెబ్బ వేసే పలక కదిలిందా, దారం ఊగిందా, నాడె జరిగిందా. కిటికీలోంచి గాలి వచ్చి దుప్పటి అంచు కదిలితే నా ప్రాణం లేచొచ్చేది. నీళ్లు తాగమని మా నాయన గ్లాసు ఇస్తే తల తిప్పకుండానే తీసుకున్నాను. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు.

"సరోజా" అంది మా అత్త. "యాడ చూస్తాండావమ్మా? ఈడ చూడు."

కళ్లు కనపడని ఆమెకు నేను ఎటు చూస్తున్నానో తెలిసింది. తిరిగి చూశాను. అప్పటికే అయిపోయింది.

మగ్గం మీది ఆ పడుగును ఓబులేసన్నే కోశాడు. జానెడు బట్ట ఉన్న ఆ సగం చీర మా అత్త బతికున్నన్నాళ్లూ ఆమె తలకింద ఉండేది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చింది. గీత కోసం ఇప్పటికీ అప్పుడప్పుడూ వెలుతురుకు పెట్టి చూస్తాను. ఎవరు నేశారో నాకు తెలియదు. దయ్యాలున్నాయా అని అడిగితే లేవనే చెబుతాను. అమావాస్యనాడు ఆ మగ్గం ఎందుకు ఆడిందో, నేను అంతగా వేడుకున్నప్పుడు ఎందుకు ఆడలేదో చెప్పమంటే ఆ బట్టనే తెచ్చి చేతికిస్తాను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు అది ఆడి ఉండకపోతే, చివరిదాకా నేను ఆయన ముఖమే చూస్తూ కూర్చునేదాన్ని.